బేరింగ్ కంపనాలు చదివే అల్గారిథమ్‌కి యూరప్‌లో పేటెంట్ వస్తుందా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థ. పంపులు, మోటార్ల మీద బిగించిన సెన్సర్ల నుంచి వచ్చే కంపనాల సిగ్నల్‌ని చదివి, బేరింగ్ ఎంత దెబ్బతిన్నదో చెప్పే అల్గారిథమ్ రాశారు. మోటార్ వేగం మారుతున్నా అది తప్పు హెచ్చరికలు ఇవ్వదు. పాత పద్ధతులకన్నా తక్కువ మెమరీతో నడుస్తుంది. అదే లెక్క బ్యాంకు లావాదేవీల్లో తేడాలు పట్టడానికీ పనికొస్తుంది. జర్మనీలో కస్టమర్లు ఉన్నారు కాబట్టి యూరప్ పేటెంట్ కావాలి. "అల్గారిథమ్‌కి అక్కడ పేటెంట్ ఇవ్వరు" అని ఒకరు, "క్లెయిమ్‌లో (అంటే హక్కు కోరే వాక్యంలో) కంప్యూటర్ అని ఒక మాట చేరిస్తే ఇచ్చేస్తారు" అని ఇంకొకరు చెప్పారట. ఏది నిజం?

ఇద్దరూ సగం సగం చెప్పారు. మొదటాయన మాట విని దరఖాస్తు మానుకుంటే మీకు రావలసిన హక్కు పోతుంది. రెండో ఆయన మాట నమ్మి రాస్తే, ఫీజులన్నీ కట్టాక తిరస్కరణ చేతికొస్తుంది. నేను చాలాకాలంగా సాఫ్ట్‌వేర్ సంస్థలకు దరఖాస్తులు రాస్తున్నాను, యూరప్‌లో దరఖాస్తులు పరిశీలించే ఎగ్జామినర్ల అభ్యంతరాలకు జవాబులు ఇస్తున్నాను. నిజంగా మంచి పని చేసిన చిన్న సంస్థలు చట్టం అడ్డుపడి ఓడిపోవడం తక్కువ. మొదటిరోజు దాఖలు చేసిన వివరణ పత్రంలో, అంటే స్పెసిఫికేషన్‌లో ఉండాల్సింది లేకపోవడం వల్ల ఓడిపోవడమే ఎక్కువ. అది చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం. 1973 అక్టోబరు 5న మ్యూనిక్‌లో సంతకాలు చేసిన యూరోపియన్ పేటెంట్ ఒడంబడికే ఇక్కడ ఆధారం. ఇది యూరోపియన్ యూనియన్ చట్టం కాదు. స్విట్జర్లాండ్, టర్కీ, బ్రిటన్ కూడా కలిపి 39 దేశాలు ఇందులో ఉన్నాయి. పేటెంట్ ఇచ్చేది యూరోపియన్ పేటెంట్ ఆఫీసు. ఒడంబడికలోని 52వ ఆర్టికల్ రెండో పేరాలో ఆవిష్కరణలుగా లెక్కించనివాటి జాబితా ఉంది: శాస్త్ర సిద్ధాంతాలు, గణిత పద్ధతులు, కళాకృతులు, ఆటల నియమాలు, వ్యాపార పద్ధతులు, కంప్యూటర్ ప్రోగ్రాములు, సమాచారాన్ని చూపించే తీరు వగైరా. మీకు మొదట సలహా ఇచ్చినవారు అక్కడితో చదవడం ఆపేశారు. మూడో పేరా చాలా ముఖ్యం. వాటిని వాటికోసమే, ఉత్తిగా అడిగినప్పుడు మాత్రమే ఈ నిషేధం వర్తిస్తుందని అది చెబుతుంది. గత 40 ఏళ్ల తీర్పులన్నీ ఆ ఒక్క పేరా చుట్టూ నడిచాయి.

ఈ నిబంధనను మార్చాలని రెండుసార్లు గట్టి ప్రయత్నాలు జరిగాయి. 2000 నవంబరులో ఒడంబడికను సవరించినప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములను ఆ జాబితాలోంచి తీసేయాలన్న ప్రతిపాదన వచ్చింది, సభ్యదేశాలు ఒప్పుకోలేదు. తర్వాత యూరోపియన్ యూనియన్ ఈ విషయం మీద ఒక డైరెక్టివ్ (సభ్యదేశాలు అమలు చేయాల్సిన ఆదేశం) తేబోతే 2005 జులై 6న యూరోపియన్ పార్లమెంటు దాన్ని కొట్టేసింది; కొట్టేయాలని 648 ఓట్లు, వద్దని 14 ఓట్లు పడ్డాయి. అందువల్ల రాసిన చట్టం కదల్లేదు. నియమాలన్నీ పేటెంట్ ఆఫీసులోని అప్పీల్ బోర్డుల తీర్పులలోంచే పెరిగాయి. ఎగ్జామినర్ రాసే ప్రతి అభ్యంతరంలో ఏదో ఒక టి నంబరు (సాంకేతిక అప్పీల్ బోర్డు తీర్పుది), లేదా జి నంబరు (వాటిపైన ఉండే ఎన్‌లార్జ్‌డ్ బోర్డు తీర్పుది) కనబడేది ఇందుకే.

ఇక రెండో సలహాదారు చెప్పిన సగం నిజం. క్లెయిమ్‌లో కంప్యూటర్ ఉంటే 52వ ఆర్టికల్ గడప దాటేస్తారు, ఇది నిజమే. 2004లో హిటాచీ కేసులో (టి 258/03) బోర్డు ఇంకా ముందుకెళ్లి, కాగితం మీద కలంతో రాయడం కూడా సాంకేతిక స్వభావం ఉన్న పనే కాబట్టి ఆ మేరకు ఆవిష్కరణ కిందకి వస్తుందని చెప్పింది. అయితే ఆ కేసులో హిటాచీకి పేటెంట్ రాలేదు. వాళ్లది ఆన్‌లైన్ వేలంపాట. నెట్‌వర్క్‌లో సమాచారం ఆలస్యంగా చేరే సమస్యను తప్పించుకోవడానికి వేలంపాట నియమాలనే మార్చారు. సమస్యను సాంకేతికంగా పరిష్కరించలేదు, నియమాలు మార్చి పక్కనుంచి దాటేశారు అంది బోర్డు. మొదటి గడప తక్కువ ఎత్తులో ఉన్నా, అసలు పరీక్ష తర్వాత వచ్చే 56వ ఆర్టికల్‌లో, అంటే ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగం నిపుణుడికి సులువుగా తట్టని ముందడుగు) దగ్గర ఉంది.

అక్కడ పాటించే పద్ధతికి కాంవిక్ పద్ధతి అని పేరు. 2002లో వచ్చిన టి 641/00 తీర్పు అది. ఒకే సిమ్ కార్డుకు రెండు గుర్తింపులు ఇచ్చి, ఆఫీసు కాల్స్ ఖర్చు, సొంత కాల్స్ ఖర్చు విడదీయడం ఆ పేటెంట్‌లోని ఆలోచన. ఖర్చు విడదీయాలన్నది సాంకేతిక లక్ష్యం కాదని బోర్డు తేల్చింది. ఆ లక్ష్యాన్ని ఇంజినీరుకు ముందే అప్పగించిన కోరికగా తీసుకుని, 'ఇలా కావాలి, చేసిపెట్టు' అంటే అతనికి రెండు గుర్తింపులు పెట్టడం తట్టేదా అని అడిగింది. తట్టేదే అని తేలడంతో పేటెంట్ నిలవలేదు.

దీనిలోంచి వచ్చే సూత్రం మీ కేసుకు ప్రాణం. క్లెయిమ్‌లోని ఒక్కో అంశాన్ని తీసుకుని, ఇది సాంకేతిక ప్రభావానికి తోడ్పడుతోందా అని చూస్తారు. తోడ్పడితే లెక్కలోకి వస్తుంది. తోడ్పడకపోతే ఎంత కొత్తదైనా, ఎంత తెలివైనదైనా ఇన్వెంటివ్ స్టెప్ తూకంలో దాని బరువు సున్నా. గణితం మీద ఇక్కడ చిన్నచూపు ఏమీ లేదు. అదే సమీకరణం ఒక క్లెయిమ్‌లో పూర్తి బరువు తూగుతుంది, ఇంకో క్లెయిమ్‌లో ఏమీ తూగదు. అది ఏ పనికి కట్టుబడి ఉందన్నదే తేడా.

మీ అల్గారిథమ్‌నే తీసుకుందాం. 1986లో వైకామ్ కేసు (టి 208/84) వచ్చింది. డిజిటల్ చిత్రాలను చిన్న మాత్రికలతో కాన్వల్యూషన్ చేసి (ప్రతి చుక్క విలువనూ పక్క చుక్కలతో కలిపి లెక్కించి) మెరుగుపరచడం, దాంతో లెక్కల భారం తగ్గించడం ఆ పద్ధతి. ఎగ్జామినర్లు అది గణితమని తిరస్కరించారు. బోర్డు ఒప్పుకోలేదు. గణిత పద్ధతిని ఒక సాంకేతిక ప్రక్రియలో వాడినప్పుడు, ఆ ప్రక్రియను క్లెయిమ్ చేస్తే అది గణితాన్ని ఉత్తిగా అడిగినట్టు కాదంది. చిత్రం విద్యుత్ సిగ్నల్ రూపంలో ఉన్నా సరే, ప్రక్రియ పనిచేసేది ఒక భౌతిక వస్తువు మీదేనని చెప్పింది. మీ కంపనాల సిగ్నల్ కూడా ఆ కోవలోనిదే. పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాల్లో గుండె చప్పుడులో తేడాలు పట్టే పరికరంలో, డేటా నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ వాడటం సాంకేతిక ప్రయోజనానికి ఉదాహరణగా ఇచ్చారు. గుండె బదులు బేరింగ్ పెట్టి చదవండి, మీరు సరిగ్గా అక్కడే ఉన్నారు.

ఇంకో బలమైన ఆధారం 2021 మార్చి 10న ఎన్‌లార్జ్‌డ్ బోర్డు ఇచ్చిన జి 1/19. కేసు భవనంలో జనం నడిచే తీరును కంప్యూటర్‌లో అనుకరించడం గురించి. అనుకరించేది సాంకేతిక వ్యవస్థ అయినంత మాత్రాన అనుకరణ సాంకేతికం అయిపోదని బోర్డు చెప్పింది. కానీ ఆ తీర్పులోనే మీకు పనికొచ్చే మాట ఉంది. నిజంగా ఉన్న ఒక వస్తువు భౌతిక స్థితిని వేరే కొలతల నుంచి లెక్కకట్టడం కూడా ఒక రకం కొలతే, పరోక్షమైన కొలత, దాని ఫలితాన్ని ఆ తర్వాత దేనికి వాడినా అది సాంకేతికమే అని. బేరింగ్ లోపలికి వెళ్లి చూడలేరు. బయట తగిలించిన సెన్సర్ సిగ్నల్ నుంచి లోపలి గీత, అరుగుదల ఎంతో చెబుతున్నారు. ఇది అచ్చంగా పరోక్ష కొలత. నేనైతే మీ మొదటి క్లెయిమ్‌ని ఈ వాక్యం చుట్టూ కడతాను. 'ఎప్పుడు పాడవుతుంది' అన్న అంచనాకన్నా 'ఇప్పుడు ఏ స్థితిలో ఉంది' అన్నదాన్ని ముందు పెడతాను. 'విడిభాగం ఎప్పుడు ఆర్డర్ చేస్తే ఖర్చు తగ్గుతుంది' అన్నదాకా వెళ్తే అది వ్యాపార నిర్ణయం అయిపోతుంది. దానికి ఉపక్లెయిమ్‌లో కూడా పెద్దగా చోటు ఇవ్వను. తెర మీద ఎర్ర గుర్తు చూపించడం మీద కూడా ఆధారపడకండి, అది సమాచారం చూపించే తీరు కిందకి పోతుంది. హెచ్చరిక రాగానే మోటార్ వేగం తగ్గించడమో, ఆపేయడమో మీ వ్యవస్థ చేస్తే దాన్ని తప్పకుండా రాయండి.

ఇప్పుడు బ్యాంకు లావాదేవీల సంగతి. ఇక్కడే సంస్థ యజమానులతో నాకు వాదన జరుగుతుంది. "రెండిటికీ పనికొస్తుంది కదా, 'కాలక్రమంలో వచ్చే డేటాలో అసాధారణతను గుర్తించే పద్ధతి' అని విశాలంగా రాస్తే రెండూ మనవే" అంటారు. యూరప్‌లో ఆ విశాలతే ముంచుతుంది. సాంకేతిక ప్రభావం దాదాపు క్లెయిమ్ పరిధి మొత్తంలో ఉండాలి. ఆ మాటల్లో షేర్ ధరలు, సినిమా టికెట్ల అమ్మకాలు కూడా పట్టేస్తాయి కాబట్టి, బేరింగ్ వల్ల వచ్చే సాంకేతిక స్వభావం క్లెయిమ్ మొత్తానికీ అంటదు. టి 1784/06లో టెలికాం బిల్లింగ్ రికార్డుల వర్గీకరణ అల్గారిథమ్ ఇలాగే పోయింది. డేటా టెలికాం నెట్‌వర్క్‌ది అయినా, వర్గీకరణ ప్రయోజనం సాంకేతికం కాదన్నారు. టి 1358/09లో పత్రాలను వాటిలోని పాఠాన్నిబట్టి వర్గీకరించే పద్ధతికీ అదే గతి. రెండు పత్రాలు ఒకే కోవకు చెందుతాయా అన్నది సాంకేతిక ప్రశ్న కాదన్నది బోర్డు వాదన. భాషా సాంకేతికతలో పనిచేసేవాళ్లకు ఇది కఠినంగా తోస్తుంది. నాకూ ఆ గీత మరీ లోపలికి గీశారనిపిస్తుంది. మాటల ధ్వనిని విడదీయడం సాంకేతికం అయినప్పుడు వాక్యాల అర్థాన్ని విడదీయడం ఎందుకు కాదో ఒప్పించేలా వివరించిన తీర్పు నాకింకా కనబడలేదు. కానీ దరఖాస్తు రాసేవాడు ఉన్న గీతను చూసి రాయాలి. బ్యాంకు వాడకాన్ని వివరణలో ఉంచండి. యూరప్ మొదటి క్లెయిమ్‌లోకి మాత్రం రానివ్వకండి.

'ఒక సాంకేతిక వ్యవస్థను నియంత్రించడానికి' అని పొడిపొడిగా రాసినా చాలదు. ప్రయోజనం నిర్దిష్టంగా ఉండాలి. సెన్సర్ ఎక్కడ ఉంది, ఏ సిగ్నల్ ఇస్తుంది, దాని నుంచి ఏ లక్షణాలు తీస్తారు, చివరి సంఖ్యకీ బేరింగ్ స్థితికీ సంబంధం ఏమిటి, ఈ గొలుసు క్లెయిమ్‌లోనే తెగకుండా కనబడాలి.

"మాది తక్కువ మెమరీ, ఎక్కువ వేగం" అన్నది ప్రతి ఇంజినీరూ మొదట చెప్పే వాదన. ఒక్కదానిగా అది నిలబడదు. వేగం అనేది దేనితో పోల్చి అన్నది ఒక చిక్కు. ఏ అల్గారిథమ్ అయినా దానికన్నా మందకొడిదానితో పోలిస్తే వేగవంతమే. అందుకే ముందు సాంకేతిక ప్రయోజనం స్థిరపడాలి, అప్పుడే లెక్కల్లో మిగిలిన ఆదాను కూడా కలిపి చూస్తారు. 2022లో వచ్చిన టి 702/20 దీనికి మంచి పాఠం. న్యూరల్ నెట్‌వర్క్‌లో పొరల మధ్య కనెక్షన్లను, తప్పులు సరిదిద్దే కోడ్‌లోని మాత్రిక ఆధారంగా తగ్గించడం ఆ ఆవిష్కరణ. మెమరీ తగ్గుతుందన్నారు. కనెక్షన్లు తీసేస్తే నెట్‌వర్క్ ముందులాగే నేర్చుకోదు కదా, అదే పని అంతే బాగా చేస్తుందని చూపకుండా ఆదా ఎలా లెక్కిస్తాం అని బోర్డు అడిగింది. ఏ పనికోసమో కూడా క్లెయిమ్‌లో లేదు. అది నిలవలేదు.

ప్రయోజనంతో పనిలేకుండా వెళ్లే రెండో దారి ఒకటుంది. అల్గారిథమ్‌ని కంప్యూటర్ లోపలి పనితీరుకు తగ్గట్టుగా మలచడం. మార్గదర్శకాల్లో ఒక ఉదాహరణ, హార్డ్‌వేర్ పదం పొడవుకు సరిపోయేలా బిట్లు జరిపి బహుపది లెక్కను సులువు చేయడం. ఇంకోటి, మెషీన్ లెర్నింగ్‌లో డేటా భారం ఎక్కువున్న శిక్షణ దశలను గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కి, సన్నాహక దశలను మామూలు ప్రాసెసర్‌కి అప్పగించడం. మీ మెమరీ తగ్గుదల ఇలా మలచడంలోంచి వచ్చిందా, లేక కేవలం మంచి గణితంలోంచి వచ్చిందా అన్నది మీ ఇంజినీర్లు కూర్చుని తేల్చాలి. సెన్సర్ పక్కనే ఉండే చిన్న చిప్‌లో నడవడం కోసం స్థిరబిందు అంకగణితం వాడటం, బఫర్‌ని ప్రత్యేకంగా అమర్చడం లాంటివి చేసి ఉంటే, వాటిని విడిగా, వివరంగా రాయండి. మొదటి దారి మూసుకుపోతే ఇదే ఆదుకుంటుంది.

సాంకేతికం అని ఒప్పుకున్నాక కూడా పోరు అయిపోదని మర్చిపోకండి. బేరింగ్ కంపనాల విశ్లేషణ చాలా పాత రంగం. ఫూరియర్ రూపాంతరం, ఎన్వలప్ విశ్లేషణ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. వాటికీ మీదానికీ తేడా ఏమిటి, ఆ తేడా వల్ల ఏ మేలు జరుగుతోంది అని ఎగ్జామినర్ అడుగుతారు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనబడింది వేగం మారుతున్నా తప్పు హెచ్చరికలు రావన్న మాట. మెమరీని పక్కన పెట్టి దీన్ని ముందుకు తెండి. ఒకే యంత్రం మీద, మారే వేగాల్లో, పాత పద్ధతి ఎన్ని తప్పు హెచ్చరికలు ఇచ్చింది, మీది ఎన్ని ఇచ్చింది అన్న పట్టిక స్పెసిఫికేషన్‌లో ఉండాలి.

ఉండాలి అంటే దాఖలు చేసే రోజుకే ఉండాలి. 123వ ఆర్టికల్ రెండో పేరా ప్రకారం, దాఖలైన దరఖాస్తులో లేని విషయాన్ని తర్వాత చేర్చనివ్వరు. యూరప్ ఈ విషయంలో చాలా కఠినం. అమెరికా కోసం రాసిన దరఖాస్తులో అంతటా 'డేటా', 'మాడ్యూల్', 'ఎంటిటీ' అని విశాలమైన మాటలే ఉండి, సెన్సర్ అన్న మాట ఎక్కడో ఒక వాక్యంలో మాత్రమే ఉంటే, ఐదేళ్ల తర్వాత ఎంత గొప్ప వకీలైనా ఏమీ చేయలేరు. అలా చేతికి వచ్చిన ఒక దరఖాస్తు నాకు బాగా గుర్తుంది. ఆవిష్కరణ నిజంగా గొప్పది, పారిశ్రామిక కొలిమి ఉష్ణోగ్రతకు సంబంధించినది. రాసిన సంస్థ దాన్ని సాధారణ డేటా విశ్లేషణగా మార్చి రాసింది. కొలిమిని వెనక్కి తేవడానికి స్పెసిఫికేషన్‌లో ఆధారం దొరకలేదు.

మీ అల్గారిథమ్‌లో నేర్చుకునే మోడల్ ఉంటే ఇంకో జాగ్రత్త. 2020లో వచ్చిన టి 161/18లో, రక్తపోటు వక్రరేఖ నుంచి గుండె ఎంత రక్తాన్ని పంపు చేస్తోందో న్యూరల్ నెట్‌వర్క్‌తో లెక్కించే పద్ధతి వచ్చింది. ప్రయోజనం సాంకేతికమే, వైద్యపరమైనదే. కానీ శిక్షణకు ఏ డేటా వాడారో దరఖాస్తులో లేదు. వేర్వేరు వయసుల, రకాల రోగుల డేటా ఉండాలని మాత్రం రాశారు. నిపుణుడు చదివి తిరిగి తయారు చేసుకునేంత వివరం లేదని 83వ ఆర్టికల్ కింద అది దెబ్బతింది. డేటాసెట్ మొత్తాన్ని బయటపెట్టమని దీని అర్థం కాదు. ఏ రకం యంత్రాలు, ఎంత శాంప్లింగ్ రేటు, లోపాలను ఎలా లేబుల్ చేశారు, నెట్‌వర్క్ నిర్మాణం ఏమిటి, కనీసం ఒక ఉదాహరణ మొదటినుంచి చివరిదాకా నడవాలి. వ్యాపార రహస్యం పోతుందని భయపడి ఈ భాగాన్ని పలచగా రాస్తారు చాలామంది. రహస్యంగా ఉంచడమే మేలనిపిస్తే పేటెంట్ ఆలోచన మానుకోవచ్చు, అదీ గౌరవమైన నిర్ణయమే. సగం దాచి సగం రాస్తే మాత్రం రెండూ దక్కవు.

క్లెయిమ్ రూపాల గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పద్ధతి, ఆ పద్ధతి నడిపే పరికరం, కంప్యూటర్ ప్రోగ్రామ్, మూడూ అడగవచ్చు. 1998లో ఐబీఎం కేసు (టి 1173/97) తర్వాత ప్రోగ్రామ్‌ని నేరుగా అడగడానికి అడ్డు లేదు. ప్రోగ్రామ్ నడిచినప్పుడు మామూలుగా ప్రాసెసర్‌లో కరెంటు ప్రవహించడాన్ని మించిన సాంకేతిక ప్రభావం ఉండాలి, అంతే.

ఇక మన దేశంలో ఉన్నవాళ్లు తప్పక చూసుకోవాల్సినవి. భారతదేశంలో నివసించే వ్యక్తి విదేశంలో నేరుగా దాఖలు చేయకూడదు. మన పేటెంట్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి. మీకు రెండోది సులువు. ఇక్కడ ముందు దాఖలు చేస్తే ఆ తేదీనుంచి 12 నెలల్లోపు ప్రయారిటీతో (మొదటి దాఖలు తేదీనే లెక్కలోకి తీసుకునే హక్కుతో) అంతర్జాతీయ దరఖాస్తు వేయవచ్చు. ఆ దారిలో యూరప్‌లోకి అడుగుపెట్టడానికి ప్రయారిటీ తేదీనుంచి 31 నెలల గడువు ఉంటుంది. అక్కడి వ్యవహారం నడపడానికి యూరోపియన్ పేటెంట్ అటార్నీ ఉండాలి. పేటెంట్ ఇవ్వనివాటిని చెప్పే ఇక్కడి 3(కె) సెక్షన్‌లో అల్గారిథమ్‌ల పేరు నేరుగా ఉంది కాబట్టి ఇక్కడి ఎగ్జామినర్‌తో వాదన వేరేగా సాగుతుంది. అయినా స్పెసిఫికేషన్‌ని యూరప్ కొలతకు రాస్తే ఇక్కడా నష్టం ఉండదు. ప్రొవిజనల్ (తాత్కాలిక తొలి దరఖాస్తు) వేసేటప్పుడు రెండు పేజీలతో సరిపెట్టకండి. ప్రయారిటీ దక్కేది అందులో రాసినదానికి మాత్రమే. సెన్సర్, వేగం మార్పు, పోలిక పట్టిక, శిక్షణ వివరాలు అన్నీ ఆ మొదటి కాగితంలోనే ఉండాలి.

మీరు చివర్లో వచ్చే నెల ఒక సదస్సులో పేపర్ చదవబోతున్నామని రాశారు. దరఖాస్తు వేసేదాకా అది ఆపండి, లేదా అంతకుముందే దరఖాస్తు వేయండి. అమెరికాలోలాగా ఏడాది మినహాయింపు యూరప్‌లో లేదు. మీ సొంత పేపరే, మీ సొంత వెబ్‌సైట్‌లో పెట్టిన స్లయిడే అయినా, దాఖలు తేదీకి ముందు బయటికొస్తే మీ నావెల్టీకి (కొత్తదనానికి) వ్యతిరేకంగా నిలుస్తుంది. జర్మనీ కస్టమర్‌కి డెమో ఇప్పటికే ఇచ్చి ఉంటే, గోప్యతా ఒప్పందం మీద సంతకం అయిందో లేదో, ఏ తేదీన అయిందో ఈరోజే ఫైలు తీసి చూడండి. ఆ తేదీ ఇక్కడ రాస్తే మిగతాది చెబుతాను.